రోమన్ శాసనాలు చదవడం నేర్చుకుందాం – నాలుగో పాఠం: రాతి మీద పదవుల వరుస

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసంతో మొదలుపెడదాం. రోము నగరంలోని పాంథియన్ అనే పాత ఆలయం ముందు భాగంలో, స్తంభాల మీద ఆనిన దూలం పొడవునా చెక్కి ఉన్న ఒకే ఒక పంక్తిని విడదీసి అర్థం రాయమని అడిగాను. అందులో మొదట ‘ఎం’ అనే అక్షరం, తరువాత అగ్రిప్ప అనే పేరు, ఆ తరువాత ‘ఎల్’, ‘ఎఫ్’, ‘సీ ఓ ఎస్’, చివర ‘తెర్తియుం’, ‘ఫేకిత్’ అనే రెండు పూర్తి మాటలు ఉన్నాయి. “లూసియస్ కుమారుడైన మార్కస్ అగ్రిప్ప, మూడోసారి కాన్సుల్ అయినవాడు, దీనిని కట్టించాడు” అని రాసినవారు సరిగ్గా చదివినట్టే. కాన్సుల్ అంటే ఏటా ఎన్నికయ్యే అత్యున్నత అధికారి. అగ్రిప్ప మూడోసారి కాన్సుల్‌గా ఉన్నది క్రీ.పూ. 27లో. అయితే ఇప్పుడు మనం చూసే కట్టడం ఆయన కట్టించినది కాదు. పాతది కాలిపోయిన తరువాత క్రీ.శ. రెండో శతాబ్దంలో హేడ్రియన్ చక్రవర్తి హయాంలో పూర్తయిన కట్టడం ఇది. మొదట కట్టించినవాని పేరునే మళ్ళీ దాని మీద నిలిపారు. శాసనం చెప్పే కాలమూ, శాసనం చెక్కిన కాలమూ ఒకటే అనుకోవడానికి వీలులేదని ఈ ఒక్క పంక్తి గుర్తు చేస్తుంది కనుకనే దానిని మొదటి అభ్యాసంగా ఎంచుకున్నాను.

కొత్తగా చేరినవారి కోసం మన పద్ధతి మరొక్కసారి చెబుతాను. రోమన్ అక్షరాలను మనకు బడిలో అలవాటైన ఇంగ్లీషు పేర్లతోనే పిలుచుకుంటున్నాం. రాతి మీద ‘యూ’ ఉండదు, దాని స్థానంలో ‘వీ’ ఉంటుంది. వ్యక్తి పేరుకు ముందు ఒంటరిగా ‘సీ’ కనిపిస్తే దానిని గాయస్ అని చదవాలి. లాటిన్ లిపిలో ‘జీ’ అనే అక్షరం ఏర్పడక ముందటి అలవాటు ఆ ఒక్కచోట శాశ్వతంగా నిలిచిపోయింది. పేరు, తండ్రి పేరు, ఓటు వేసే తెగ పేరు, ఇంటి పేరు – ఈ నాలుగింటినీ విడదీయడం మూడో పాఠంలో నేర్చుకున్నాం. ఈ రోజు పేరు ముగిసిన చోటు నుంచి మొదలుపెట్టి, దాని వెనుక బారుగా సాగే పదవుల పట్టికను చదవడం నేర్చుకుంటాం. ఈ పదవుల బాటను రోమన్లు ‘కుర్సుస్ హోనోరుం’ అన్నారు. ‘హోనోర్’ అన్న మాటకు లాటిన్‌లో గౌరవం అనీ అర్థమే, పదవి అనీ అర్థమే. ఆ రెంటినీ వారు ఒకే మాటతో పిలిచారన్నది మనసులో పెట్టుకుంటే, చనిపోయినవాని సమాధి మీద కూడా పదవుల జాబితా అంత ఓపికగా ఎందుకు చెక్కించారో అర్థమవుతుంది.

ఇక్కడ మన శాసనాలు చదివిన అలవాటున్నవారికి ఒక హెచ్చరిక అవసరం. కాకతీయుల శాసనాల్లో ‘సమధిగత పంచమహాశబ్ద మహామండలేశ్వర’ అంటూ సాగే బిరుదావళిని చదివినవారు రోమన్ పదవుల వరుసను కూడా అదే చెవితో వినే ప్రమాదం ఉంది. బిరుదు ఒకసారి వస్తే పేరుకు అంటిపెట్టుకుని ఉంటుంది. రోమన్ శాసనంలో కనిపించే కాన్సుల్, ప్రేటర్ వంటివి చక్రవర్తులు రాకముందటి గణతంత్ర కాలంలో ప్రజలు ఓటు వేసి ఒక్క ఏడాదికి ఇచ్చిన అధికారాలు. ఏడాది నిండిన రోజున వాటిని వదిలి ఇంటికి వెళ్ళవలసిందే. అందుచేత ఆ పట్టికలోని ప్రతి మాటా ఒక మనిషి జీవితంలోని ఒక నిర్దిష్టమైన సంవత్సరాన్ని సూచిస్తుంది. ఆ సంవత్సరాలను వరుసగా పేర్చగలగడమే ఈ పాఠంలో మనం సాధించవలసిన విద్య.

మెట్లు

బాటకు అడుగున చిన్న పదవులు ఉంటాయి. సామ్రాజ్య కాలంలో ఏటా ఇరవైమంది యువకులకు న్యాయస్థానంలోనో, టంకశాలలోనో, నగర వీధుల నిర్వహణలోనో తొలి అనుభవం ఇచ్చేవారు. సైన్యంలో ఒక దళానికి ట్రిబ్యూన్‌గా కొంతకాలం పనిచేయడం కూడా ఈ దశలోనిదే. అసలైన మొదటి మెట్టు క్వెస్టర్. ఖజానా లెక్కలు, రాష్ట్రాధిపతి వెంట వెళ్ళి అక్కడి జమాఖర్చులు చూడడం అతని పని. నియంతగా ఉన్న సుల్లా క్రీ.పూ. 81లో చేసిన చట్టంతో క్వెస్టర్ల సంఖ్య 20 అయింది. ఆ పదవి చేసినవారికి నేరుగా రాజ్యపు పెద్దల సభ అయిన సెనేట్‌లో స్థానం దొరికింది. ఆ పై మెట్టులో రెండు దారులు ఉన్నాయి. నగరంలోని అంగళ్ళు, ధాన్యం సరఫరా, ఉత్సవాలు చూసే ఈడైల్ కావచ్చు. లేదా ప్లెబులనే సామాన్య వర్గం తరఫున నిలబడి ఇతర అధికారుల నిర్ణయాలను అడ్డుకోగల ట్రిబ్యూన్ కావచ్చు. పట్రీషియన్ అనే పాత కులీన వర్గపు వంశంలో పుట్టినవారికి ఈ రెండో దారి లేదు. అందుచేత శాసనంలో ‘టీ ఆర్ పీ ఎల్’ అని, అంటే ప్లెబుల ట్రిబ్యూన్ అని కనిపిస్తే, ఆ మనిషి పట్రీషియన్ కాదని వెంటనే పక్కన రాసుకోవచ్చు.

న్యాయవిచారణ ప్రేటర్ది. ప్రేటర్ సైన్యాన్ని నడపగలడు, ఏడాది ముగిశాక రాష్ట్రాన్ని పాలించగలడు. సుల్లా కాలానికి ఏటా ఎనిమిదిమంది ప్రేటర్లు ఉండేవారు. అందరికంటే పైన ఇద్దరు కాన్సుల్లు. ఒకరి నిర్ణయాన్ని మరొకరు ఆపగలిగేలా సమానాధికారంతో ఇద్దరినీ ఒకేసారి ఎన్నుకునేవారు. కాన్సుల్ వీధిలోకి వస్తే కర్రల కట్టలు భుజాన మోస్తూ పన్నెండుమంది లిక్టర్లు ముందు నడిచేవారు. మన సంవత్సరాలకు ప్రభవ, విభవ అని పేర్లు ఉన్నట్టు, వారి సంవత్సరానికి ఆ ఏటి ఇద్దరు కాన్సుల్ల పేర్లే పేరు. క్రీ.పూ. 59లో సీజర్, బిబులస్ కాన్సుల్లుగా ఉండగా, సీజర్ తన సహచరుణ్ణి ఇంటి గడప దాటకుండా చేసి ఒంటిచేత్తో పాలించినందుకు, ఆ ఏటిని కొందరు ‘జూలియస్, సీజర్ కాన్సుల్లుగా ఉన్న ఏడు’ అని పిలిచారని చక్రవర్తుల జీవిత చరిత్రలు రాసిన సుయెటోనియస్ రాశాడు. సంవత్సరం పేరులోనే వెక్కిరింత పెట్టగలిగారంటే ఆ పద్ధతి జనం నోట ఎంతగా నలిగిందో ఊహించవచ్చు. ఐదేళ్ళకొకసారి జనాభా లెక్క తీసి, సెనేట్ సభ్యుల జాబితాను సవరించే సెన్సార్ పదవి కాన్సుల్ పదవికి ఆవల ఉన్న శిఖరం. అది కొద్దిమందికే దక్కింది.

ఒక ముఖ్యమైన సంగతి వయస్సు. ఏ పదవికి ఎన్నేళ్ళు నిండాలో క్రీ.పూ. 180లో విల్లియస్ అనే ట్రిబ్యూన్ చట్టం తెచ్చాడు. సుల్లా దానిని బిగించాడు: క్వెస్టర్‌కు 30, ప్రేటర్‌కు 39, కాన్సుల్‌కు 42. మొదటి చక్రవర్తి ఆగస్టస్ కాలంలో క్వెస్టర్ వయస్సు 25కు, ప్రేటర్ వయస్సు 30కి తగ్గింది. ఈ అంకెలు కంఠతా పట్టండి. పుట్టిన సంవత్సరం తెలిస్తే పదవుల కాలం, ఒక పదవి కాలం తెలిస్తే పుట్టిన సంవత్సరం – ఏ ఒక్కటి చేతిలో ఉన్నా రెండోదాన్ని సుమారుగా లెక్కగట్టడానికి ఇవే ఆధారం.

గొప్ప వక్త సిసెరో జీవితంతో ఈ లెక్కను సరిచూసుకోవచ్చు. ఆయన క్రీ.పూ. 106 జనవరి 3న పుట్టాడు. క్రీ.పూ. 75లో క్వెస్టర్, 69లో ఈడైల్, 66లో ప్రేటర్, 63లో కాన్సుల్. తీసివేతలు చేసి చూడండి. క్వెస్టర్, ప్రేటర్, కాన్సుల్ అనే మూడు మెట్లనూ చట్టం అనుమతించిన మొదటి అవకాశంలోనే ఎక్కాడని తేలుతుంది. ఇలా ఎక్కడాన్ని రోమన్లు ‘తన ఏట’ పదవి పొందడం అనేవారు. ఇంట్లో తాతతండ్రులెవరూ సెనేట్ ముఖం చూడని కుటుంబం నుంచి వచ్చినవాడు, ఒక్క ఎన్నికలోనూ ఓడకుండా, ఒక్క ఏడాది కూడా జారవిడవకుండా శిఖరానికి చేరడం ఎంత గొప్ప సంగతో ఈ నాలుగు అంకెలు పక్కపక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది.

అయినా మొదటి మెట్టు ఎంత చిన్నదో ఆయనే ఒక ప్రసంగంలో చెప్పుకున్నాడు. సిసిలీలో క్వెస్టర్‌గా పనిచేసి, కరవు రోజుల్లో రోముకు ధాన్యం పంపించి, తన పేరు నగరమంతా మారుమోగుతూ ఉంటుందనుకుంటూ తిరుగు ప్రయాణంలో పుతియోలి రేవులో దిగాడు. అక్కడ ఎదురైన ఒకాయన “రోము నుంచి ఎప్పుడు బయలుదేరావు? కొత్త సంగతులేమిటి?” అని అడిగాడు. తన రాష్ట్రం నుంచి వస్తున్నానని సిసెరో చెబితే, “అవును కదా, ఆఫ్రికా నుంచేమో” అన్నాడు ఆయన. చిన్నబుచ్చుకుని “కాదు, సిసిలీ నుంచి” అన్నాడు సిసెరో. పక్కనున్న మరొకాయన అన్నీ తెలిసినవానిలా, “ఈయన సిరాక్యూస్‌లో క్వెస్టర్‌గా ఉన్నాడని నీకు తెలియదా?” అని అందుకున్నాడు. నిజానికి సిసెరో ఉన్నది ద్వీపానికి ఆ కొసన, లిలిబియంలో. రోము ప్రజల చెవులు మందం, కళ్ళు మాత్రం చురుకైనవి అని తాను ఆ రోజున గ్రహించి, అప్పటి నుంచి ప్రతిరోజూ వారి కళ్ళ ఎదుటే ఉండేలా చూసుకున్నానని ఆయన అన్నాడు. రాళ్ళ మీద ‘క్యూ’ అన్న ఒంటరి అక్షరం, అంటే క్వెస్టర్, కనిపించినప్పుడల్లా నాకు ఆ రేవులో నిలబడిన ముప్ఫై దాటిన ఆ యువకుడే గుర్తుకొస్తాడు.

చట్టం ఉన్నచోట మినహాయింపు కూడా ఉంటుంది. సేనాని పాంపీ ఒక్క మెట్టూ ఎక్కకుండా, సెనేట్ సభ్యుడు కూడా కాకుండా, సైన్యం బలంతో, ప్రజాదరణతో క్రీ.పూ. 70లో ముప్ఫై అయిదేళ్ళ వయస్సులో నేరుగా కాన్సుల్ అయ్యాడు. సెనేట్‌ను ఎలా సమావేశపరచాలో, ఎవరిని ముందు మాట్లాడమనాలో తెలియనందున, పండితుడైన వర్రోను అడిగి ఒక చిన్న మార్గదర్శి రాయించుకున్నాడు. చదివి నేర్చుకుని పదవిలో కూర్చున్న ఆ మనిషిని తలచుకుంటే, ఇంట్లో కూర్చుని ఈ పాఠాలు చదువుతున్న మనకు ఆయన దగ్గరివాడే అనిపిస్తుంది.

పొరబడే చోట్లు

శాసనం ఎదుట పెట్టుకున్నప్పుడు తొలిదశలో అందరూ తడబడేది పదవుల చరిత్ర దగ్గర కాదు, ఒకే పొట్టిరూపానికి రెండు మూడు అర్థాలు ఉండే చోట. ‘ఎల్ ఈ జీ’ని తీసుకోండి. దాని వెనుక అంకె ఉంటే అది లీజియన్, అంటే సైనిక దళం. అంకె బదులు ‘పీ ఆర్ పీ ఆర్’ అని ఉంటే అది లెగాటస్, ప్రేటర్ స్థాయి అధికారంతో పంపిన ప్రతినిధి. ‘టీ ఆర్’ కూడా ఇలాంటిదే. ట్రిబ్యూన్ అన్న మాట సైన్యంలోనూ ఉంది, ప్లెబుల పదవిలోనూ ఉంది, చక్రవర్తుల బిరుదుల్లోనూ ఉంది. పక్కనున్న మాటను బట్టే ఏదో తేల్చాలి. అన్నింటికంటే ఎక్కువగా మోసం చేసేది ‘ఏ వీ జీ’. చక్రవర్తి పేరు వెంట ఉంటే అది ఆగస్టస్. ఒక సెనేటర్ పదవుల నడుమ ఒంటరిగా ఉంటే అది ఆగర్, పక్షుల కదలికలను బట్టి దేవతల అనుమతి తెలుసుకునే పురోహితుల మండలిలో సభ్యుడు. మొదట్లో నేను ఒక సెనేటర్ శాసనంలో ఈ మూడు అక్షరాలు చూసి, ఆయన చక్రవర్తి కొలువులో ఏదో ఉద్యోగం చేశాడని రాసుకుని, వారం రోజుల పాటు ఆ తప్పు మీదనే లెక్కలన్నీ కట్టాను. పొట్టిరూపాన్ని విప్పే ముందు దానికి ఎడమ వైపు ఉన్నదీ, కుడి వైపు ఉన్నదీ చదవడం ఆ తరువాతనే నాకు అలవాటైంది.

‘సీ ఓ ఎస్’ దగ్గర ఒక ప్రశ్న తరచూ వస్తుంది. కాన్సుల్ అన్న మాటలో ‘ఎన్’ ఉండగా పొట్టిరూపంలో అది ఎక్కడికి పోయింది? దీనికి జవాబు స్కిపియోలు అనే రోమన్ కులీనుల కుటుంబ సమాధిలో దొరుకుతుంది. అప్పియన్ మార్గం పక్కన, నేలలో తొలిచిన ఆ సమాధి 1780లో మళ్ళీ వెలుగు చూసింది. అందులో క్రీ.పూ. 259 నాటి కాన్సుల్ లూసియస్ స్కిపియో శాసనంలో ఆ మాటను ‘కోసోల్’ అని, సెన్సార్‌ను ‘కేసోర్’ అని రాశారు. ‘ఎస్’కు ముందున్న ‘ఎన్’ను నాటి నోళ్ళు సరిగా పలకలేదన్నమాట. పలుకుబడి తరువాత దిద్దుకున్నా, పొట్టిరూపం మాత్రం పాతదే నిలిచిపోయింది.

ఈ లూసియస్ స్కిపియో రాళ్ళను ఇంకొంచెం దగ్గరగా చూడాలి. ఆయనకు సంబంధించి రెండు రాతలు ఉన్నాయి. పేరు తెలిపే పొట్టి రాతలో వరుస ఈడైల్, కాన్సుల్, సెన్సార్ అని ఉంది. అంటే జీవితంలో ఎక్కిన క్రమంలోనే ఉంది. ఆయనను పొగిడే పద్యంలో మాత్రం అదే వరుస కాన్సుల్, సెన్సార్, ఈడైల్ అని మారింది. ఆయన తండ్రి, క్రీ.పూ. 298 నాటి కాన్సుల్ అయిన స్కిపియో బార్బాటస్ శవపేటిక మీది పద్యంలో కూడా ఇదే క్రమం. పదవుల వరుస కాలక్రమంలో ఉండి తీరాలన్న నియమం లేదని దీనివల్ల తెలుస్తుంది. శాసనాన్ని పైనుంచి కిందికి చదవాలా, కిందినుంచి పైకి చదవాలా అన్నది ప్రతిసారీ మనమే తేల్చుకోవాలి. అందుకు సులువైన ఉపాయం ఒకటుంది: ముందుగా క్వెస్టర్ ఎక్కడుందో వెతకండి. అది పేరుకు దగ్గరగా ఉంటే ఎక్కే వరుస, చివర ఎక్కడో ఉంటే దిగే వరుస.

బార్బాటస్ శవపేటిక ఇప్పుడు వాటికన్ మ్యూజియంలో ఉంది. ఆ పద్యంలో ‘అపుద్ వోస్’ అని రెండు చిన్న మాటలు ఉన్నాయి. “కాన్సుల్‌గా, సెన్సార్‌గా, ఈడైల్‌గా మీ మధ్య ఉన్నవాడు” అని అర్థం. ‘మీ’ అంటే రోము పౌరులు. భూగర్భంలో, దీపం పెడితే తప్ప కనిపించని గదిలో, ఆ రాయి ఇంకా ఓటర్లతో మాట్లాడుతూనే ఉంది. ఆ తరువాతి పంక్తుల్లో ఆయన సామ్నియంలో ఊళ్ళు పట్టుకున్నాడనీ, లుకానియా అంతటినీ లొంగదీసి బందీలను తెచ్చాడనీ ఉంది. చరిత్రకారుడు లివీ మాత్రం ఆ ఏడాది బార్బాటస్ యుద్ధం చేసింది ఉత్తరాన ఎట్రూరియాలో అని, సామ్నియం ఆయన సహచరుడి వంతు అని రాశాడు. ఎవరు నిజమన్న చర్చ ఇంకా తెగలేదు. మనం నేర్చుకోవలసింది ఏమిటంటే, సమాధి మీది శాసనం ఒక కుటుంబం తన తరఫున దాఖలు చేసిన వాంగ్మూలం. దానిని ఆ దృష్టితోనే చదవాలి.

ఒక పూర్తి శాసనం

ఇప్పుడు ఈ పాఠానికి ప్రధానమైన శాసనం దగ్గరకు వద్దాం. దీనిలోని మనిషి గాయస్ ప్లినియస్ కైకిలియస్ సెకుందస్, మనం చిన్న ప్లినీ అని పిలిచే ఉత్తరాల రచయిత. ఆయన సొంత ఊరు ఉత్తర ఇటలీలో సరస్సు ఒడ్డున ఉన్న కోముం, నేటి కోమో. శాసనం మొత్తానికి పాత రాతప్రతుల్లో నకలు ఉంది. అసలు రాయిలో మిగిలిన భాగం మిలాన్ నగరంలోని సంత్ అంబ్రోజో చర్చిలో ఉంది. పేరు తరువాత శాసనం ఇలా సాగుతుంది. నేను అదే వరుసలో తెలుగు చేస్తున్నాను.

“కాన్సుల్, ఆగర్, సెనేట్ తీర్మానంపై చక్రవర్తి నెర్వా ట్రేజన్ పంపగా కాన్సుల్ అధికారంతో పొంతుస్, బిథినియా రాష్ట్రానికి ప్రేటర్ స్థాయి లెగాటస్, టైబర్ నదీగర్భానికి, ఒడ్లకు, నగరపు మురుగుకాలువలకు పర్యవేక్షకుడు, శని దేవాలయ ఖజానాకు అధిపతి, సైనిక ఖజానాకు అధిపతి, ప్రేటర్, ప్లెబుల ట్రిబ్యూన్, చక్రవర్తి క్వెస్టర్, రోమన్ అశ్విక శ్రేణిలో ఆరుగురు నాయకుల్లో ఒకడు, మూడో గాలికా లీజియన్‌లో సైనిక ట్రిబ్యూన్, వ్యాజ్యాలు తీర్చే పదిమందిలో ఒకడు.”

క్వెస్టర్‌ను వెతికితే చివరలో దొరికింది. కనుక ఇది దిగే వరుస. కింది నుంచి పైకి చదవాలి. అడుగున వ్యాజ్యాలు తీర్చే పదిమంది మండలి ఉంది. దాని లాటిన్ పేరులో వ్యాజ్యం అన్న మాటను ‘స్త్లిస్’ అనే అతి పాత రూపంలోనే రాశారు. మామూలు భాషలో అది అప్పటికే ‘లిస్’గా మారి ఎన్నో తరాలు గడిచాయి. మన దస్తావేజుల్లో పాత మాటలు నిలిచిపోయినట్టే, వారి న్యాయభాషలోనూ నిలిచిపోయాయి. తరువాత సైనిక ట్రిబ్యూన్. మూడో గాలికా దళం సిరియాలో ఉండేది. యువకుడైన ప్లినీ అక్కడ కత్తి పట్టిన దానికంటే సహాయక దళాల లెక్కలు తనిఖీ చేసినదే ఎక్కువ. తన ఉత్తరాల్లో ఒకచోట ఆ సంగతి తానే చెప్పుకున్నాడు. లెక్కలు చూడగల మనిషి అన్న పేరు ఆయన జీవితమంతా వెంట నడిచింది. పైకి వెళితే రెండు ఖజానాలు వరుసగా వస్తాయి. సైనిక ఖజానా అంటే సైన్యంలో గడువు తీరినవారికి చెల్లించే సొమ్ము కోసం ఆగస్టస్ క్రీ.శ. 6లో స్థాపించినది. శని దేవాలయ ఖజానా రాజ్యపు పాత బొక్కసం. ఆ ఆలయానికి చెందిన ఎనిమిది స్తంభాలు రోము ఫోరంలో నేటికీ నిలిచి ఉన్నాయి.

బిథినియా పంక్తి మిగతావాటికంటే ఎందుకింత పొడవుగా ఉంది? నేటి టర్కీ ఉత్తర భాగంలోని ఆ రాష్ట్రానికి అంతవరకు సెనేట్ చీటీ వేసి ఎంచిన పాలకులు వెళ్ళేవారు. అక్కడి నగరాల ఆర్థిక వ్యవహారాలు చెడిపోయాయి. నికోమీడియా ఊరివారు నీటి కాలువకు 33,18,000 సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఖర్చుపెట్టి, అది పూర్తి కాకముందే వదిలేసి, మరో కాలువకు ఇంకో 2,00,000 పోశారని, నైసియాలో కోటికి పైగా మింగిన నాటకశాల కుంగి బీటలు వారుతోందని ప్లినీ అక్కడి నుంచి ట్రేజన్‌కు రాశాడు. ఇటువంటి చోటికి చక్రవర్తి తన మనిషిని ప్రత్యేకాధికారంతో పంపాడు. సెనేట్ తీర్మానం, చక్రవర్తి పేరు, కాన్సుల్ అధికారం అన్నవి మూడూ శాసనంలో విడివిడిగా ఎందుకున్నాయో ఈ నేపథ్యం తెలిస్తేనే అర్థమవుతుంది; ఆ పంపకం మామూలుది కాదని ఊరివారికి తెలియాలి. ఉత్తర ఇటలీలోని వెర్చెల్లి ఊరి పౌరులు ఇదే ప్లినీకి ఎత్తించిన మరొక శాసనంలో కాన్సుల్, ఆగర్, టైబర్ పర్యవేక్షణ అన్నీ ఉన్నాయి కాని బిథినియా లేదు. అది ఆయన ఆ రాష్ట్రానికి బయలుదేరక ముందటిదని దానినిబట్టి చెప్పగలుగుతున్నాం. ఒకే మనిషి శాసనాలు రెండు దొరికితే వాటిని పక్కపక్కన పెట్టి తేడాలు గీసుకోవడం ఎంత ఉపయోగమో చూడండి.

కాలక్రమాన్ని తప్పినవి రెండు ఉన్నాయి. కాన్సుల్, ఆగర్ పదవులు వాటి సహజ స్థానం నుంచి లేచి పేరు పక్కకు వచ్చి కూర్చున్నాయి. ప్లినీ కాన్సుల్ అయింది క్రీ.శ. 100లో, బిథినియాకు వెళ్ళడానికి దాదాపు పదేళ్ళ ముందు. అది కూడా జనవరిలో సంవత్సరానికి పేరు ఇచ్చే కాన్సుల్ పదవి కాదు. ఏడాది మధ్యలో, సెప్టెంబరులో, కొర్నూతస్ తెర్తుల్లస్‌తో కలిసి చేపట్టినది. ‘సీ ఓ ఎస్’ అన్న మూడు అక్షరాలు ఆ తేడాను చెప్పవు. అత్యున్నత పదవిని, పురోహిత పదవిని ముందుకు లాగడం సామ్రాజ్య కాలపు అలవాటు. కనుక ఈ రెంటినీ పక్కన పెట్టి మిగతావాటిని కాలక్రమంలో పేర్చుకోవాలి.

ఇక ఈ రాతిలో నన్ను ఎప్పుడూ ఆపే చోటు ‘చక్రవర్తి క్వెస్టర్’ అన్న మాట. పైన బిథినియా పంక్తిలో ట్రేజన్ పేరును బిరుదులతో సహా చెక్కారు. ఇక్కడ మాత్రం పొట్టిగా చక్రవర్తి అన్నారే తప్ప ఏ చక్రవర్తో చెప్పలేదు. చక్రవర్తి క్వెస్టర్ అంటే ఆయన సందేశాలను సెనేట్‌లో చదివి వినిపించేవాడు. ఏటా ఇరవైమంది క్వెస్టర్లలో కొద్దిమందికే దక్కే ఆదరణ అది. వయస్సు లెక్క కట్టండి. ప్లినీ క్రీ.శ. 61లోనో 62లోనో పుట్టాడు. ఆగస్టస్ నియమం ప్రకారం 25 దాటాకే క్వెస్టర్ కావాలి. అంటే 80ల చివరి భాగం, లేదా 90 ప్రాంతం. అప్పుడు సింహాసనం మీద ఉన్నది డొమిషియన్. క్రీ.శ. 96 సెప్టెంబరు 18న డొమిషియన్ హత్య జరిగింది. సెనేట్ ఆయన పేరును శాసనాల నుంచి చెక్కి తీసేయమని తీర్మానించింది. ట్రేజన్ ఎదుట చేసిన ప్రసంగంలో, ఆయన విగ్రహాలను గొడ్డళ్ళతో నరుకుతున్నప్పుడు కలిగిన ఆనందాన్ని ప్లినీ తనివితీరా వర్ణించాడు. తనను మొదట పైకి తెచ్చింది ఆ చక్రవర్తేనన్న సంగతి మాత్రం ఈ రాతి మీద ‘చక్రవర్తి’ అన్న ఒక్క మాట వెనుక దాగి ఉంది. ఇక్కడ ఏదీ గీకివేయలేదు; చెక్కేటప్పుడే పేరు విడిచిపెట్టారు. సైనిక ఖజానా పదవి కూడా డొమిషియన్ చివరి ఏళ్ళదేనా, తరువాతిదా అన్నదానిపై పండితుల్లో భేదాభిప్రాయం ఉంది. ఆ దుర్మార్గుడు తన నిజస్వరూపం చూపాక తాను పదవుల బాటలో ఆగిపోయానని ప్లినీ చెప్పుకున్న మాట నిజమా కాదా అన్నది దాని మీదే ఆధారపడింది. నేను ప్లినీని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. అలాంటి కాలంలో బతికి, పనిచేసి, తరువాత దానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చిన మనిషి కష్టం ఈ పట్టికలో ఇంకా కనిపిస్తోంది. చదివేవారు దానిని దాటి వెళ్ళిపోకూడదన్నదే నా తాపత్రయం.

పదవుల పట్టిక ముగిశాక శాసనంలో సొమ్ము వివరాలు వస్తాయి. ‘హెచ్ ఎస్’ అంటే సెస్టర్సులు. వీలునామా ద్వారా ఊరికి స్నానశాలలు, వాటి అలంకరణకు 3,00,000, నిర్వహణకు 2,00,000. తాను విముక్తులను చేసిన నూరుమంది పోషణకు 18,66,666. బతికి ఉండగానే పట్టణపు పేద బాలబాలికల పోషణకు 5,00,000. ఒక గ్రంథాలయం, దాని నిర్వహణకు 1,00,000. ఆ కాలంలో ఒక లీజియన్ సైనికుడి ఏడాది జీతం 1,200 సెస్టర్సులని, సెనేటర్‌కు ఉండవలసిన కనీస ఆస్తి పది లక్షలని పక్కన రాసుకుంటే ఈ అంకెలకు ప్రాణం వస్తుంది. పదవులూ దానాలూ ఒకే రాతి మీద ఎడం లేకుండా ఉండడం గమనించండి. ఊరికి ఏమీ ఇవ్వని పెద్దమనిషి పెద్దమనిషి కాడని వారి భావన.

అభ్యాసం

ఈసారి రాయికి బదులు నాణెం. ఆగస్టస్ కాలంలో లుగ్దునుంలో, అంటే నేటి లియోన్‌లో, ముద్రించిన వెండి దీనారం ఇది. దక్షిణ భారతదేశంలో దొరికిన ఆగస్టస్ దీనారాల్లో ఎక్కువ భాగం ఈ రకానివే. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఆగస్టస్, తిబేరియస్ దీనారాల పెద్ద నిధి బయటపడింది. కనుక దీనిని మన మ్యూజియాల్లోనే చూసే అవకాశం ఉంది. వెనుక వైపు డాళ్ళ మీద చేతులు ఆనించి నిలబడిన ఇద్దరు యువకులు ఉంటారు. వారి మధ్య పైభాగంలో రెండు చిన్న వస్తువులు కనిపిస్తాయి. ఒకటి పూజలో వాడే గరిటె, రెండోది కొన వంపు తిరిగిన కర్ర. ఆ కర్ర ఆగర్ చేతిది. చుట్టూ ఉన్న అక్షరాలు ఇవి: ‘సీ’, ‘ఎల్’, తరువాత సీజరెస్, ఆగుస్తి, ‘ఎఫ్’, ‘సీ ఓ ఎస్’, ‘డీ ఈ ఎస్ ఐ జీ’, చివర ‘ప్రింక్ యువెంత్’.

చివరి రెండు మాటలకు ‘యువకుల్లో అగ్రగణ్యులు’ అని అర్థం. ‘డీ ఈ ఎస్ ఐ జీ’ అంటే పదవికి ఎంపికై ఇంకా చేపట్టనివారు. ‘ఎఫ్’ ఒక్కటే ఉన్నా అది ఇద్దరికీ వర్తిస్తుంది. మిగతాది మీరు విప్పండి. తరువాత ఈ లెక్క చేయండి: పెద్దవాడు క్రీ.పూ. 20లో పుట్టాడు, క్రీ.పూ. 5లో ఎంపికయ్యాడు, క్రీ.శ. 1లో పదవి చేపట్టాడు. క్రీ.పూ. 1 తరువాత వెంటనే క్రీ.శ. 1 వస్తుందని, మధ్యలో సున్నా సంవత్సరం లేదని మరిచిపోకండి. పదవి చేపట్టే నాటికి అతని వయస్సు ఎంత? సుల్లా చట్టం ప్రకారం అతను ఇంకా ఎన్నేళ్ళు ఆగవలసి ఉండేది? చిన్నవాడు క్రీ.శ. 2లో మస్సిలియాలో, అంటే నేటి మార్సెయిలో, కాన్సుల్ కాకముందే చనిపోయాడు. అతని సమాధి మీద ‘సీ ఓ ఎస్’ పక్కన ఏ మాట ఉండాలో కూడా రాయండి. జవాబులను ఐదో పాఠం మొదట్లో సరిచూసుకుని, నాణేనికి ముందు వైపున ఆగస్టస్ తల చుట్టూ ఉన్న బిరుదులను చదువుదాం.